ఆకు వెనక మచ్చలు

“ఇదేం పంట బాబాయ్?” ఆకును అటూ ఇటూ తిప్పుతూ అడిగాడు పురుగుమందుల కొట్టు అష్రఫ్.

“పంట కాదులే. మీ పిన్ని పెంచే ఫెర్న్ మొక్క. వెనక చూడు,” అన్నాడు జక్రయ్య.

ఆకు వెనక అంచుల వెంట గోధుమరంగు చుక్కలు, మిషను మీద కుట్టినంత వరసగా ఉన్నాయి. అష్రఫ్ గోటితో గీకితే కాస్త పొడి రాలింది.

“పురుగు గుడ్లలాగే ఉన్నాయి. కానీ మిరపకి కొట్టే మందు దీనికి కొడితే ఆకు మాడిపోద్ది. ఇది ఇక్కడ వదిలెయ్, కంపెనీ ఆయన వస్తే చూపిస్తా.” ఆకును కాగితంలో మడిచి సొరుగులో వేశాడు.

కంపెనీ ఆయన వచ్చేదాకా ఆగే మనిషి కాదు జక్రయ్య. మూడేళ్ల కిందట మిరప పూతలో నల్ల తామర పురుగు కనిపిస్తే, చూద్దాంలే అని వారం ఆగాడు. నాలుగెకరాల తోట పోయింది. ఆ వారాన్ని ఇప్పటికీ తిట్టుకుంటూనే ఉంటాడు.

పైగా ఇది పోతే మళ్లీ వేసుకునే పైరు కాదు. భార్య ప్రేమమ్మ ఏడేళ్ల కిందట తన పుట్టినూరి వాగు గట్టు నుంచి తెచ్చుకున్న మొక్క. ఆ వాగు ఇప్పుడు లేదు, రాళ్ల క్వారీ కింద పోయింది. కూతురు లిడియా పిలక అడిగినా, వేరు చీలిస్తే రెండూ పోతాయని ప్రేమమ్మ ఇవ్వలేదు.

“పూత లేదు, కాయ లేదు. దీన్ని పెంచి ఏం చేస్తావే?” అని ఎగతాళి చేసేవాడు జక్రయ్య.

“టైం రానీవయ్యా,” అనేది ఆమె.

మోకాలి ఆపరేషన్‌కి వెళ్తూ కూడా ఆమె చెప్పింది మొక్క గురించే. ఆపరేషనయ్యాక మూడు నెలలు వేటపాలెంలో లిడియా ఇంట్లో ఉండాలి. “నేనొచ్చేసరికి ఇది బతికుంటే చాలు,” అంది. ఆ మాట జక్రయ్య మనసులో నాటుకుపోయింది.

ఉత్తరం గోడ నీడలో ఉన్న మొక్కకు, మిరప నారుకు వాడే నెట్ కూడా కట్టాడు. చుట్టూ తడి గోనెసంచులు పరిచాడు. పిడుగురాళ్ల సున్నపుబట్టీల దుమ్ము పేరుకోకుండా రోజూ నీళ్లు చిలకరించాడు. ఏడేళ్లలో ఎన్నడూ లేనంత గుబురుగా పెరిగింది. సరిగ్గా అప్పుడే ఈ మచ్చలు వచ్చిపడ్డాయి.

ఈసారి ఒక్క రోజు కూడా ఆగలేదు. ప్రతి ఉదయం పీట వేసుకుని, కళ్లజోడు పెట్టుకుని, తడిగుడ్డతో ఒక్కో ఆకు వెనక తుడిచాడు. మచ్చలు ముదిరిన ఆకుల్ని కత్తిరించి కాల్చేశాడు. రాలిన పొడి మట్టిలో కలవకుండా కింద పేపరు పరిచి, ఆ పేపరునూ కాల్చాడు. నడుం పట్టేసినా లేవలేదు. “నువ్వో నేనో తేలాలి,” అన్నాడు మచ్చలతో.

సాయంత్రాలు ప్రేమమ్మ ఫోన్ చేసేది.

“మొక్క ఎట్టా ఉందయ్యా?”

“నీకంటే బాగుంది.”

“ఆకుల్లో ఏమన్నా మార్పు కనపడిందా?”

అసలే ఆమె బీపీ మనిషి అనుకున్నాడు జక్రయ్య. “ఏం లేదు. నువ్వు కాలు చూసుకో.”

ఆమె నిట్టూర్చింది. బెంగ తీరిందనుకుని జక్రయ్య కూడా ఊపిరి పీల్చుకున్నాడు.

నలభై రోజులకు ఒక్క మచ్చ లేకుండా పోయింది.

ప్రేమమ్మ ఆటో దిగి, కర్ర ఊతంతో నేరుగా ఉత్తరం గోడ దగ్గరికి నడిచింది. వెనకే లిడియా, చేతిలో మట్టి నింపిన కుండీతో.

“ఆ కుండీ ఎందుకమ్మా?”

“అమ్మ తెమ్మంది నాన్నా.”

మొక్కను చూడగానే ప్రేమమ్మ మొహం వెలిగింది. పీట మీద కూర్చుని ఒక ఆకు తిప్పింది. ఇంకోటి తిప్పింది. అన్నీ తిప్పి చూసింది.

“గోధుమరంగు చుక్కలు రాలేదా?”

“రాకపోవడమా? ఆకు ఆకుకీ వచ్చాయి. కంగారు పడతావని నీకు చెప్పలేదు. ఒక్కటి మిగిలితే ఒట్టు,” అన్నాడు జక్రయ్య గర్వంగా.

ఆయన వేళ్ల సందుల్లో గోధుమరంగు మరక ఇంకా పోలేదు. ప్రేమమ్మ ఆ చెయ్యి తన చేతిలోకి తీసుకుని, చాలాసేపు వదల్లేదు.

“ఆ చుక్కలే దీని విత్తనాలయ్యా.”