గోరింక మెడలో ఈక

ఎవరి ముక్కూ వాళ్ల మెడకు అందదు. అందుకే ఆ చింతతోపులో గోరింకలు పొద్దున్నే పక్కపక్కన చేరి, ఊసులాడుకుంటూ ఒకదాని మెడ ఒకటి దువ్వుకునేవి.

ఒక్క కూతకు పదిసార్లు బదులు పలికే కొండ ఒకటుందని తెలిసింది. అంతే, తోపు ఖాళీ!

పైడి అనే గోరింకకు మెడలో ఈక విరిగి గుచ్చుకుంటోంది. వారం ఓర్చుకుని, తనూ కొండకెళ్లింది. నేస్తం నూకాలు అక్కడ గొంతు చించుకుంటోంది.

"నూకాలూ, ఈ ఈక కాస్త తీసిపెట్టవే."

"నాకు కాదే, కొండకు చెప్పు. అందరూ వింటారు!"

పైడి సిగ్గుపడుతూనే అరిచింది. "ఈక గుచ్చుకుంటోంది" అని కొండ పదిసార్లు పలికింది. "అబ్బ, ఎంత బాగా పలికిందో!" అంటూ గోరింకలన్నీ రెక్కలు టపటపలాడించాయి. ఒక్క ముక్కు కూడా దగ్గరికి రాలేదు.

అప్పుడు చూసింది పైడి, నూకాలు మెడంతా చిక్కులే. మనసాగక దువ్వసాగింది. నూకాలు కూత మధ్యలోనే ఆగిపోయింది. కళ్లు మూతలు పడ్డాయి.

"ఎన్నాళ్లయిందే..." అంది మెల్లగా.

ఆ మాటను కొండ తిరిగి పలకలేదు. పైడి తన మెడ కూడా వంచి, ఎదురుచూస్తూ కూర్చుంది.