పులస అనండి

“మీ మొహం మీ మొహంలా లేదంటోందండి.”

అనేశాక లక్ష్మీతులసి నాలిక్కరుచుకుంది. కంప్యూటర్ ఇంగ్లీషులో మర్యాదగానే అంది. తెలుగులో చెప్పబోతే ఇలా వచ్చింది.

ఎదురుగా కూర్చున్న నూకరాజుకు కోపం రాలేదు.

“ఆయ్. మా ఇంట్లో అద్దం కూడా ఈమధ్య అదే అంటోందమ్మా,” అన్నాడు.

పి.గన్నవరం సెంటర్లో లక్ష్మీతులసిది చిన్న నెట్ షాపు. బస్సు టిక్కెట్లు, జెరాక్సులు, పాస్‌పోర్టు ఫొటోలు. ఈ పెద్దాయన్ని ఆమె చూడడం అదే మొదలు. ఊరు కాట్రేనికోనట. ఒకప్పుడు ఫొటో స్టూడియో ఉండేదట. కూతురింటికి వచ్చి, పనిలో పనిగా ఇలా వచ్చాడు.

వరదలో, గోదారి మీంచి కాలవను దాటించే గన్నవరం అక్విడెక్టు వంతెనను ఆయన ఎప్పుడో తీసిన ఫొటో ఇప్పుడు అందరి ఫోన్లలోనూ తిరుగుతోంది. కింద ఎవరెవరి పేర్లో వేసేసుకున్నారు. ఫొటోలు పెట్టే సైటులో పెడితే తన పేరే ఉంటుందని కూతురు చెప్పింది.

ఆ సైటు ముందు ఆధార్ కార్డు అడిగింది. ఇచ్చారు. కార్డులో ఉన్నది ఈ మనిషేనా, కెమెరాలోకి చూసి నవ్వమంది. అక్కడ వచ్చింది చిక్కు.

“ఇంకోసారి తప్పితే ఇక తీసుకోదంటండి. కాస్త నవ్వండి బాబాయిగారూ.”

“జనాన్ని నవ్వించేను గానీ, నవ్వడం నాకు రాదమ్మా. కెమెరా వెనకుంటే ఏ బాధా లేదు. ముందుకొస్తే కర్రలా బిగుసుకుపోతాను.”

ఆయన మొహం చిన్నబోయింది. “డబ్బుల కోసం కాదమ్మా. కింద నా పేరు పడితే చాలు.”

లక్ష్మీతులసికి జాలేసింది.

“అయితే ఓసారి పులస అనండి.”

“ఏంటీ?”

“పులసండి, మన గోదారి చేప. పెదాలు ముడిచి పూ... అని సాగదీసి, లస అని వదిలెయ్యాలి. మా షాపులో అందరిచేతా అదే అనిపిస్తాను. దుబాయ్ వీసాకొచ్చినోళ్ళయితే నవ్వాపుకోలేక చస్తారు.”

నూకరాజు అనలేదు. ముడిచిన ఆమె పెదాల వంకే చూస్తూ ఉండిపోయాడు. తర్వాత నవ్వాడు. కళ్ళూ బుగ్గలూ అన్నీ నవ్వాయి.

కంప్యూటర్లో ఆకుపచ్చ టిక్కు పడింది.

“ఒప్పేసుకుందండీ!”

“ఈ మాట ఎవరు నేర్పేరమ్మా?”

“మా అమ్మండి. చిన్నప్పుడు నేనేడిస్తే పులస అనేదంట. నవ్వేసేదాన్నంట. అదిగో, ఆవిడే.”

గోడ మీద దండ వేసిన ఫొటో. సూరమ్మ, మెడ దాకా. నవ్వుతోంది. చూపు మాత్రం కిందికి ఉంది.

“అమ్మది మిగిలింది ఆ ఒక్క ఫొటోయేనండి. ఓటు కార్డుల కోసం గోదారి మధ్యన మా లంకలోకొచ్చి ఎవరో తీసేరంట. ఆ తీసినాయన ఒక్క క్షణం ఆగలేకపోయేడు చూడండి! అమ్మ నావైపు చూస్తున్నట్టుంటే ఎంత బాగుండేది.”

“ఆయ్. తొందరపడుంటాడమ్మా,” అన్నాడు నూకరాజు.

కాసేపటికి అక్విడెక్టు ఫొటో సైటులోకి ఎక్కింది. కింద ఇంగ్లీషులో నూకరాజు అని పడింది. ఆయన ఒక్కో అక్షరం మీదా వేలు పెట్టి చదువుకున్నాడు. పెళ్ళి భోజనం చేసినవాడిలా తృప్తిగా లేచి గొడుగు అందుకున్నాడు.

గుమ్మం దిగబోతూ ఆగి, గోడ మీది ఫొటో వంక చూశాడు.

“కెమెరా వైపు చూడలేదని ఆ ఫొటో కార్డుకి పనికిరాదన్నారమ్మా ఆఫీసోళ్ళు. ఇంకోటి తీసేను. అదేమో పారెయ్యబుద్ధి కాలేదు. పెద్దది చేసి మీ అమ్మగారికి ఇచ్చేను.”

లక్ష్మీతులసి కుర్చీలోంచి లేచిపోయింది. ఇందాక అన్న మాట గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయింది.

“మీరా బాబాయిగారూ! తెలీక...”

“దాందేముందమ్మా. ఆవిడ ఒళ్ళో పిల్ల ఒకటే ఏడుపు. ఆ పిల్లని ఊరుకోబెడదామనే పులస అన్నాను.”

ఆయన గొడుగు విప్పుకుని మెట్టు దిగాడు.

“పిల్ల పకపకా నవ్వింది. మీ అమ్మగారు చూస్తున్నది మిమ్మల్నేనమ్మా.”