నలభైకి సున్నా

"మూడు పరీక్షలు రాసింది. మూడిట్లోనూ నలభైకి సున్నా. ఇదెట్లా సాధ్యమమ్మా?"

ప్రొఫెసర్ దొరస్వామి మూడు జవాబు పత్రాలను బల్ల మీద పరిచాడు. లోహిత వాటిని దగ్గరికి లాక్కుంది. తిరుపతిలోని విశ్వవిద్యాలయంలో, పరీక్షల మీద పరిశోధన చేసే కేంద్రంలో ఆమె చేరి ఇంకా ఏడాది కాలేదు. పెద్దవాళ్లకు అక్షరాలు నేర్పే తరగతుల్లో ఎవరికి ఎంత చదువు వచ్చిందో పరీక్ష పెట్టి తేల్చడం ఆ కేంద్రం పనుల్లో ఒకటి.

పేరు నాగులమ్మ. వయసు యాభై రెండు. ఐరాల తరగతి.

"చదువు రానామె కదా సార్. సున్నా వస్తే వింతేముంది?"

"అదే వింత. ప్రతి ప్రశ్నకూ నాలుగు జవాబులిచ్చినాం. కళ్లు మూసుకుని టిక్కులు పెట్టినా పదికి అటూ ఇటూగా తగులుతాయి. నలభైకి నలభై తప్పు పెట్టాలంటే, నలభై ఒప్పులూ తెలిసుండాల."

లోహితకు విషయం అర్థమైంది. ఆ టిక్కులు నాగులమ్మ పెట్టినవి కావు. జవాబులు తెలిసినవాళ్లెవరో పెట్టారు. ఆ తరగతిలో అన్నీ తెలిసిన మనిషి ఒక్కతే. పాఠం చెప్పే మోహన.

ఎందుకు పెట్టిందో ఊహించడం కూడా కష్టం కాదు. పాసైనవాళ్లు తరగతి వదిలి వెళ్లిపోవాలి. పదిమందికన్నా తగ్గితే తరగతి ఎత్తేస్తారు. ఐరాలలో ఇప్పుడున్నది సరిగ్గా పదిమంది.

"పోయి తేల్చుకుని రా. నిజమైతే ఆ తరగతి రద్దు చెయ్యమని రాసేద్దాం," అన్నాడు దొరస్వామి.

మర్నాడు లోహిత పూతలపట్టులో బస్సు మారి, మధ్యాహ్నం మూడింటికి ఐరాల చేరింది. బడి వరండాలో పదిమంది ఆడవాళ్లు పలకలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. పొద్దుటి కూలిపని మట్టి ఇంకా కాళ్లకే ఉంది. మోహనకు పాతికేళ్లుంటాయి. లోహితను చూడగానే ఆమె చేతిలో సుద్దముక్క ఆగిపోయింది.

"చెప్పకుండా వచ్చినారే మేడమ్?"

"చెప్పి వస్తే చూసేదేముంటాది?"

లోహిత వెనక కూర్చుని నోటుపుస్తకం తెరిచింది.

చెంగమ్మక్కా, తాయమ్మత్తా అంటూ మోహన అందరినీ వరసలు పెట్టి పిలుస్తోంది. నాగులమ్మను మాత్రం ఏమనీ పిలవడం లేదు. ఆమె వంతు వచ్చినప్పుడు వేలు చూపించి ఊరుకుంటోంది. నాగులమ్మ చూపు పలక మీద లేదు. పాఠం జరిగినంతసేపూ పంతులమ్మ ముఖం మీదే ఉంది. భయమా? సైగ కోసమా? లోహిత రాసుకుంది.

మధ్యలో నాగులమ్మ కొంగుచాటు నుంచి ఒక స్టీలు డబ్బా తీసి మోహన బల్ల కింద పెట్టింది. మోహన దాన్ని గబుక్కున సంచిలో వేసేసింది. అదీ రాసుకుంది.

పాఠం అయ్యాక చెంగమ్మను పక్కకు పిలిచింది. "నాగులమ్మకూ పంతులమ్మకూ మధ్య ఏం జరగతా ఉంది?"

"ఏముంటాది మేడమ్? ఆయమ్మ సెప్తాది, ఈయమ్మ వింటాది."

చెంగమ్మ పలక తుడవడం మొదలుపెట్టింది. పలక మీద ఏమీ లేదు. తాయమ్మను అడగబోతే ఆమె దగ్గు తెచ్చుకుంది. మిగిలినవాళ్లు తలలు వంచుకున్నారు. అందరూ కూడబలుక్కున్నారన్నమాట!

లోహిత బ్యాగులోంచి కొత్త ప్రశ్నపత్రం తీసింది. "నాగులమ్మకు ఇప్పుడే పరీక్ష."

మోహన అడ్డం వచ్చింది. "ఇప్పుడొద్దు మేడమ్. ఇంకో నెల టైమియ్యండి. నేను నేర్పిస్తా."

"నువ్వు గేటు దగ్గరుండు. నేను పిలిచేదాకా రావద్దు."

నాగులమ్మను గదిలోకి తీసుకుపోయి తలుపు వేసింది. పక్కనే కుర్చీ వేసుకుంది. ఇక సైగలు చేసేవాళ్లు లేరు. కనీసం ఎనిమిదో తొమ్మిదో తగులుతాయి. దాంతో మోహన దొంగతనం బయటపడుతుంది.

మొదటి ప్రశ్నలో బస్సు బొమ్మ ఉంది. బోర్డు మీద ఏ ఊరి పేరుంది? నాగులమ్మ వేలు జవాబుల మీదుగా నడిచి, సరైన జవాబు 'కాణిపాకం' దగ్గర ఒక్క క్షణం నిలిచింది. తర్వాత కిందికి జరిగి 'పుంగనూరు'కు టిక్కు పెట్టింది. రెండో ప్రశ్న మందుబిళ్లల గడువు తేదీ. వేలు సరైన తేదీ మీద ఆగింది. టిక్కు పక్కదానికి పడింది.

నలభై ప్రశ్నలూ అలాగే. లోహిత అక్కడే దిద్దింది. సున్నా.

"పెద్దమ్మా, నీకు చదువొచ్చు."

నాగులమ్మ పెన్ను బల్ల మీద పెట్టేసింది.

"తప్పులు పెట్టమని ఆ మోహన నిన్ను బెదిరించిందా?"

"అయ్యో, అట్లనొద్దు మేడమ్! ఆ బిడ్డకు ఈ సంగతే తెలీదు. ఎంత సెప్పినా నాకు ఎక్కలేదని కుమిలిపోతా ఉండాది. మొదటి పరీక్షనాటికే నాకన్నీ వచ్చేసినాయి."

"మరెందుకిట్లా? నిజం చెప్పకుంటే ఈ పొద్దే తరగతి రద్దు చెయ్యమని రాస్తాను."

నాగులమ్మ మూసిన తలుపు వైపు చూసింది. గొంతు బాగా తగ్గించింది.

"ఆ మోహన నా కడుపున పుట్టింది మేడమ్, నచ్చినోణ్ణి పెండ్లి చేసుకునిందని మా ఇంటాయన మూడేండ్లుగా దాన్ని గడప తొక్కనీడు, నేను పాసైపోతే నా బిడ్డను ఇంక యాడ సూసేది?"