మూడో బస్తా

"ఏందవ్వా, ఆ సంచిల ఏం కుక్కుతున్నవ్?"

వెనక మెట్ల మీద కూర్చున్న లక్ష్మవ్వ తలెత్తింది. ఒళ్లో గుడ్డ పేలికలు, చేతిలో అగ్గిపెట్టె.

అడిగింది అరుంధతి. నారాయణగూడలో బడి యూనిఫాంలు కుట్టించే షెడ్డు ఆమెది. ఎనిమిది మిషన్లు, ఎనిమిది మంది ఆడవాళ్లు. కత్తిరింపుల్లో మిగిలిన నూలు పేలికలను బస్తాల్లో నింపి మెట్ల దగ్గర పెడతారు. మిల్లువాళ్లు నెలకోసారి వచ్చి తీసుకుపోతారు. వాటిని చీల్చి, మళ్లీ దూది చేసి, కొత్త నూలు వడుకుతారట.

ఆ మిల్లు తనను వెతుక్కుంటూ వచ్చిందని అరుంధతికి మహా గొప్ప. "మన బోర్డు చూసి వచ్చిండ్రు" అని చిక్కడపల్లి చుట్టాలందరికీ చెప్పుకుంది. ఆ బోర్డు మీద సగం అక్షరాలు ఎప్పుడో వెలిసిపోయాయి, అది వేరే సంగతి.

ఈ నెల బస్తాలు కూడా బాగుంటే, ఆ కొత్త నూలుతో నేసిన బట్టంతా ఆమె షెడ్డుకే కుట్టడానికి ఇస్తామన్నారు. ఏడాది పని. అది రాకపోతే సగం మిషన్లకు ముసుగు వేయాల్సిందే.

అలాంటి బస్తాల మూతి విప్పి, తెల్లగా శుభ్రంగా ఉన్న ముక్కలన్నీ ఈ ముసలామె తన సంచిలో వేసుకుంటోంది.

"పనికిరాని ముక్కలు బిడ్డా. తీస్తున్న," అంది లక్ష్మవ్వ.

"పనికిరానియి నీకెందుకు?"

"దిండ్లల్ల నింపుకుంట."

అరుంధతి చూపు మెట్ల కింద పడింది. కాలిన అగ్గిపుల్లలు పది దాకా ఉన్నాయి.

"బట్టల షెడ్డు కాడ చుట్ట తాగుతున్నవా? నిప్పంటుకుంటే మా గతేం గావాలె?"

"చుట్ట గాదు బిడ్డా, పోగు తీసి..."

"ఇంక చెప్పకు. ఎండకు పరేషాన్ అయితున్నవని జర కూసోనిస్తే, ఇల్లే నీదనుకున్నవ్. రేపటి సంది రాకు."

లోపల ఒక మిషన్ ఆగింది. స్వరూప "అక్కా, పాపం..." అనబోయి, అరుంధతి చూసిన చూపుకు మళ్లీ కుట్టులో పడింది.

లక్ష్మవ్వ తన సంచిని మెట్ల మీద బోర్లించి దులిపింది. ఒక్క ముక్క కూడా ఉంచుకోలేదు.

"రెండు బస్తాలు చూసిన. మూడోది జర చూసుకో బిడ్డా," అని మెల్లగా మెట్లు దిగిపోయింది.

పైగా నాకే చెప్తోంది అనుకుంది అరుంధతి. ఆ ముక్కలన్నీ తన చేత్తోనే ఎత్తి మూడో బస్తాలో కుక్కింది.

వారం తిరక్కముందే మిల్లు నుంచి భానుప్రకాశ్ ఆటోలో ఒక బస్తా వేసుకుని వచ్చాడు.

"మేడం, రెండు బస్తాలు ఎప్పటి లెక్కనే మంచిగున్నయ్. ఈ మూడోదాంట్ల పాలిస్టర్ కలిసింది. నూలంత ఖరాబైంది."

"పాలిస్టరేంది? అన్ని నూలు తానులే కొన్న."

"మీకు తెల్ల తాను నూలని చెప్పి కలిపింది అమ్మిండ్రు. అది కంటికి తెల్వదు. పోగు కాలిస్తెనే తెలుస్తది. నూలైతె బూడిద, పాలిస్టరైతె గడ్డ కడ్తది."

అరుంధతికి అగ్గిపుల్లలు గుర్తొచ్చాయి.

"మరి కుట్టుపని?"

"సారు అశోక్‌నగర్ల ఇంకో షెడ్డుకు ఇచ్చేసిండు." భానుప్రకాశ్ మెట్ల వైపు చూశాడు. "లక్ష్మవ్వ ఏది?"

"గది ఖాళీ చేసి పోయిందట. ఏ ఊరో ఎవ్వరికి చెప్పలే," అంది లోపలి నుంచి స్వరూప.

"ఆమె నీకెట్ల ఎరుక?" అంది అరుంధతి భానుప్రకాశ్‌తో.

"మా మిల్లుల ముప్పై ఏండ్లు దూదిల చెత్త ఏరింది మేడం. ఆమె చెయ్యి పడ్డ బస్తా మేం విప్పి గూడ చూడం. మీకు ఎరుకేననుకున్నం."

అరుంధతి ఆ బస్తా మూతి బిగించి కట్టింది.

"అయితే మీరు... మా బోర్డు చూసి రాలేదా?"

"ఏం బోర్డు మేడం?" అన్నాడు భానుప్రకాశ్. "'నారాయణగూడల ఒక బిడ్డ నన్ను ఎండల నీడకు కూసోనిచ్చింది, పేలికలు నేనే ఏరి పెడ్త, ఆమెకు జర పని ఇయ్యిండ్రి' అని లక్ష్మవ్వనే వచ్చి మా సారును బతిమాలింది."