ఫక్త్ తొంభై ఐదు

"తొంభై ఐదుకే ఉంచాల్నా, మామూలు పెట్రోలుకు మార్చాల్నా కాకా?" ట్రక్కు కిటికీ దగ్గర ల్యాప్‌టాప్ పట్టుకొని మెకానిక్ కైలాస్ అడిగాడు.

లింగన్న స్టీరింగ్ ముందు కూర్చుని, అతను చెప్పినప్పుడల్లా ఆక్సిలరేటర్ తొక్కుతున్నాడు.

"పెట్రోలుకు గూడ కులముంటదారా?"

"ఉంటది." కైలాస్ నవ్వాడు. "ఆక్టేన్ అంటరు. మాహూర్ ఘాట్ రోడ్డు ఎక్కాలె, బలం గావాలె అన్నడు మీ వినాయక్. అందుకే అప్పుడు తొంభై ఐదుకు ట్యూన్ చేసిన. అండ్ల మామూలుది పోస్తే టైముకు ముందే అంటుకుంటది. లోపల సుత్తెతోని కొట్టినట్టు టకటకమంటది. అట్లనే తోల్తే పిస్టన్‌కు బొక్క."

"కొనేటోడు ముఖేడ్ దిక్కోడు. ఏది దొరికితే అది పోస్తడు. మామూలుకే మార్చు."

ట్రక్కు చిన్నది, పెట్రోలుది. ఏడాదిగా బిలోలిలో ఇంటి షెడ్డులో తాళం వేసి ఉంది. అమ్మేందుకు మొన్ననే దాని ఇంజన్ బాగుచేయించారు. ఏడాది కింద అది ఆగిపోయిన రోజు బుధవారం. తెల్లారకముందే లింగన్న భార్య సుందరబాయికి గుండెనొప్పి వచ్చింది. కొడుకు వినాయక్ ఆమెను ఈ ట్రక్కులో నాందేడ్ ఆస్పత్రికి బయలుదేరదీశాడు. నర్సీ దాటాక ఇంజన్ కాలి ఆగిపోయింది. గంట తర్వాత మొదటి బస్సులో వెనకాల వచ్చిన లింగన్న, రోడ్డు పక్కన ట్రక్కును చూసి బస్సు ఆపించాడు. సుందరబాయికి ఆ గంట లేదు.

"వంద మీద తోలి ఇంజన్ గాల్చిండు. తల్లిని సంపిండు." చితి ఆరకముందే లింగన్న నలుగురిలో అన్న మాట అది. ఆ సాయంత్రమే కొడుకును ఇంట్లోంచి వెళ్లగొట్టాడు.

ఇప్పుడు వినాయక్ రోడ్డు అవతల టీ బండి దగ్గర నిలబడి ఉన్నాడు. లింగన్న చూశాడు. చూడనట్టు తిరిగాడు.

"నిన్న గూడ అచ్చి బతిమాలిండు కాకా," కైలాస్ గొంతు తగ్గించాడు. "బండి అమ్మకముందు దాని లోపలి కంప్యూటర్ సదివి, ఆ రోజు ఎంత స్పీడు మీద తోలిండో చెప్పుమన్నడు. అరవై దాటలేదంటడు. మళ్ల ఆయనే, ఏమో అన్నా, అవ్వ గుండె పట్టుకొని మూలుగుతుంటె మీటరెవడు చూసిండు, అంటడు. ఏడాది సంది నిద్ర లేదంట."

"ఆ రోజుది అండ్ల ఉంటదా?"

"అంత ఉంటది. కొత్త ట్యూన్ ఎక్కిస్తే మాత్రం తుడుచుకపోతది. మళ్ల రాదు."

"సదువు. నాకొక్కనికే చెప్పు."

కైలాస్ చాలాసేపు తెర చూశాడు.

"అబద్ధమాడలే కాకా. యాభై ఎనిమిది. ఒక్కసారి గూడ అరవై దాటలే. పెడలు మెల్లగనే తొక్కిండు. అయినా బిలోలి నుంచే ఇంజన్ టకటక కొట్టుకుంటనే ఉన్నది."

"అంటే?"

"అంటే ట్యాంకుల మామూలు పెట్రోలున్నది."

లింగన్న కిందికి దిగాడు. ట్యాంకు మూత దగ్గర ఆగాడు. దాని మీద ఎర్ర స్టిక్కరు. మరాఠీలో 'ఫక్త్ 95' అని ఉంది. తొంభై ఐదు మాత్రమే.

"వినాయకే అంటించిండు, ట్యూన్ చేసిన రోజే," అన్నాడు కైలాస్. "నువ్వు చూడలేదా?"

"చూసిన."

"మరి మామూలుది ఎట్లచ్చింది? దానికి ముందు శనివారం నా ముంగటే తొంభై ఐదు పోయించుకున్నడు."

"ముందు రోజు, మంగళవారం, ముఖేడ్ మార్కెట్‌కు సోయా పోయింది. రెండు ట్రిప్పులు. ఆ దారిల తొంభై ఐదు ఏడ దొరుకుతది?"

"బండి తోలినోడే గద పోయించుకునేది." కైలాస్ తల పట్టుకున్నాడు. "అరెరె. స్టిక్కరు అంటించినోడే మరిచిండా?"

లింగన్న బొటనవేలితో స్టిక్కరు మీది దుమ్ము తుడిచాడు.

"ఆయనకెట్ల చెప్పాలె కాకా?"

"చెప్పకు."

"అరవై దాటలేదన్న ఒక్క ముక్కన్న..."

"మరి ఎందుకు కాలిందని అడుగుతడు. ఏం చెప్తవ్?"

కైలాస్ మళ్లీ తెర వైపు తిరిగాడు.

"తుడిచెయ్," అన్నాడు లింగన్న.

"నిన్ను రాయి అనుకున్న కాకా. నీ మనసు పెద్దది. నా నోటెంట రాదు, నా పిల్లల మీద ఒట్టు."

కైలాస్ మీట నొక్కాడు. తెర మీద పచ్చగీత మెల్లగా పాకింది. అది చివరికి చేరేలోగా లింగన్న గోటితో స్టిక్కరు గీకి, ఉండ చేసి మురుగు మోరీలో వేశాడు.

వినాయక్ రోడ్డు దాటి వచ్చాడు. చెంపలు లోపలికి పోయి, తండ్రి కంటే ముసలివాడిలా ఉన్నాడు.

"బాపూ, ఏమున్నది అండ్ల?"

"ఏం లేదు. తుడిపిచ్చిన."

"తుడిపిచ్చినవా? ఎందుకు?" వినాయక్ మెకానిక్ వైపు తిరిగాడు. "అన్నా, నువ్వన్న చెప్పు. ఎంత మీద తోలిన?"

"అడగకు తమ్మీ," కైలాస్ కళ్లు దించుకున్నాడు. "మీ బాపు నీ మంచికే చేసిండు."

వినాయక్ చూపు ట్రక్కు మీదికి పోయింది.

"అయితే నేనే. నేనే సంపిన."

నూనె మరకల నేల మీద పడి తండ్రి కాళ్లు పట్టుకున్నాడు. "మాఫ్ జెయ్యి బాపూ."

లింగన్న కాళ్లు వెనక్కి తీసుకోలేదు. వంగి లేపనూ లేదు.

"ఎల్లుండి మీ అవ్వ ఏడాది. వస్తే రా."

ఏడాదిలో తండ్రి అతనితో అన్న మొదటి మంచి మాట అది. వినాయక్ ఇంకా గట్టిగా ఏడ్చాడు. కైలాస్ చేతిలోని మసిగుడ్డతోనే కళ్లు ఒత్తుకున్నాడు.

ఆ మంగళవారం ముఖేడ్‌కు బండి తోలింది లింగన్న.