పరాయి ఫ్లాపీ

నూజివీడులో, మామిడితోట మధ్య ఇంట్లో, లెక్చరర్ సోమయాజులు కొత్తగా కంప్యూటర్ కొన్నాడు. వైరస్ సోకుతుందని పరాయి ఫ్లాపీ దేన్నీ ముట్టనివ్వడు. భార్యనైతే ఆ గది గడపే తొక్కనివ్వడు. అయినా ఆ రాత్రి తెర మీద ఇంగ్లీషులో ఒక వాక్యం దానంతటదే ప్రత్యక్షమైంది.

"మీ ఆవిడ ఏడుస్తోంది."

"ఏమేవ్, దీన్నేమన్నా ముట్టుకున్నావా?" అని అరిచాడు.

"చెప్పులు విప్పినా రానివ్వరు కదండీ," అంది వంటింట్లోంచి సౌభాగ్యలక్ష్మి.

చెరిపేశాడు. మళ్లీ వచ్చింది. ఫ్లాపీలన్నీ బయటికి లాగేశాడు. ఈసారి వాక్యం మారింది.

"ఇప్పుడు ఏడవడం లేదు."

"సౌభాగ్యం!" అని పిలిచాడు. పలకలేదు. తోటలో కీచురాళ్ల రొద కూడా ఆగిపోయింది.

లేచాడు. ముందు కంప్యూటర్‌కి ముసుగు తొడిగాడు. గదికి తాళం వేశాడు. తాళం పడిందో లేదో లాగి చూసుకుని, అప్పుడు వంటింటివైపు నడిచాడు.