మొండితోక మామ

పెరట్లోని కోడిపెట్ట కుక్కను పిల్లప్పటి నుంచీ "మొండితోక మామా" అనే పిలిచేది. కొత్తగా వచ్చిన బాతు అది విని ముక్కున రెక్కేసుకుంది.

"ఎదుటివాళ్ల లోపం ఎత్తిచూపుతావా? ఇంత మొరటుదానివనుకోలేదమ్మా! 'తోక విషయంలో విలక్షణమైన శునక మహాశయా' అనాలి."

కోడిపెట్టకు తల కొట్టేసినట్టయింది. ఆపైన కుక్కను పలకరించడమే మానేసింది.

ఓ మధ్యాహ్నం గండుపిల్లి గోడ దూకింది. కోడిపెట్ట పిల్లల్ని రెక్కల కింద దాచుకుని, "తోక విషయంలో విలక్షణమైన..." అని మొదలుపెట్టింది. అరుగు మీది కుక్క, ఎవరినో అనుకుని కదల్లేదు. పిల్లి బాతు వైపు తిరిగింది.

"ఒరే మొండితోక మామోయ్!" బాతు గొంతు చించుకుంది.

కుక్క ఒక్క గెంతున వచ్చి పిల్లిని గోడ దాటించింది.

"హమ్మయ్య, పిలిచారు! అందరూ నామీద అలిగారేమో అనుకున్నానర్రా" అంది.